నాలుగింటికి తెరుచుకునే మూత

యుద్ధం మొదలైన పదకొండో రోజున నీటి సరఫరా ఆఫీసులో చిన్న వింత జరిగింది. సరిగ్గా సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్ తెర మీద ఎర్రగుర్తు వెలిగి, "ట్యాంకు మూత తెరిచి ఉంది" అని చూపించింది. రెండు నిమిషాల్లో ఆరిపోయింది. మర్నాడూ అంతే.

"సెన్సర్ పాడైపోయుంటుందిలే అమ్మాయ్," అన్నాడు పంపుల మేస్త్రి.

"పాడైన సెన్సర్ ఇంత కచ్చితంగా టైమ్ పాటిస్తుందా మేస్త్రిగారూ? మీరే పాటించరు!" అంది కంప్యూటర్ ముందు కూర్చునే ఆపరేటరమ్మాయి.

మూడో రోజు మూడున్నరకే ఆమె ట్యాంకు మెట్లెక్కడం మొదలుపెట్టింది. మొత్తం నూట పన్నెండు. తొంభయ్యో మెట్టు దగ్గర కుతూహలం కాస్త నీరసించింది గానీ, అప్పటికి దిగడమూ ఎక్కడమంత కష్టమే.

పైన, మెడలో బైనాక్యులర్ వేసుకున్న నడివయసు సైనికుడు తాడు కట్టిన సీసాను ట్యాంకులోకి దించుతున్నాడు. గేటు కాపలాకు వచ్చాడని అందరూ అనుకున్న మనిషే.

"బాబాయ్! ఊరంతా తాగే నీళ్లవి!"

అతను ఉలిక్కిపడ్డాడు. "సీసా కడిగాను తల్లీ. మధ్యాహ్నం నుంచీ ఎండలో మాడుతున్నా. డ్యూటీ దిగే ముందు ఒక్క గుక్క."

"ఇక్కడేం డ్యూటీ?"

"ఏటి అవతల ఏం జరుగుతోందో చూడ్డం. ఇంత ఎత్తు ఇంకెక్కడుంది?"

ఆమె బైనాక్యులర్ అడిగి తీసుకుంది. అవతలి ఒడ్డున కూడా ఒక నీళ్ల ట్యాంకు. దాని కింద బకెట్లతో ఆడవాళ్లు. ఒకామె చేతులు తిప్పుతూ పక్కామెను దులిపేస్తోంది. వరుస తప్పినట్టుంది. అచ్చం మన వీధే.

"వాళ్ల ట్యాంకు మీద ఎవరూ లేరేం?"

"లేరు కాబట్టే అదింకా నిలబడి ఉంది. ఎవడైనా ఎక్కాడా, మావాళ్లు గురిపెట్టేస్తారు."

"మరి మీరు ఎక్కారు కదా బాబాయ్?"

తాడు మీద అతని చెయ్యి ఆగిపోయింది.

"అదిగో, ఆ తెల్ల మేడ ఆస్పత్రి," అందామె. "మా వదిన ప్రసవించి మూడు రోజులైంది. పసివాడి స్నానం దగ్గర్నుంచి ఆపరేషన్ గది దాకా అన్నిటికీ ఈ ట్యాంకు నీళ్లే."

"మీ రక్షణ కోసమే కదమ్మా మేం..."

"తెలుసు. కానీ అవతలివాళ్ల బైనాక్యులర్లో మా వదిన కనిపించదు. మీరు కనిపిస్తారు."

అతను సీసా పైకి లాగి, మూత జాగ్రత్తగా వేశాడు. "మా ఆఫీసరు తిడతాడేమో."

"నేనూ వస్తా. ఇద్దరం తిందాం తిట్లు."

ఆఫీసరు నిజంగానే కస్సుమన్నాడు. ఆమె నోరు విప్పేలోపే సైనికుడు అడిగేశాడు: "సార్, వాళ్లెక్కితే కొడతామన్నాం. మనమెక్కితే వాళ్లు ఊరుకుంటారా?" ఆఫీసరు మ్యాపు తీసి పరిచాడు. ఆ సాయంత్రమే నిఘా ఊరి బయటి ఖాళీ గుట్ట మీదికి మారింది.

మర్నాడు నాలుగింటికి మేస్త్రి కూడా తెర ముందుకొచ్చి నిలబడ్డాడు, టైముకే. ఎర్రగుర్తు వెలగలేదు. ఆస్పత్రికి వెళ్లే నీటిని చూపే గీత మాత్రం కాస్త పైకి లేచింది. అక్కడెవరో పసివాడికి నీళ్లు పోస్తున్నారేమో.

అవతలివాడు మన నీళ్ల జోలికి రాకూడదంటే, ముందు మన తుపాకీ వాటి చాటున నిలబడకూడదు.