స్టేటస్‌లో రోలు

ఆరు రోజులు నిలబడి పనిచేసే మనిషికి ఆదివారం మధ్యాహ్నం నిద్ర ఎంత అపురూపమో, కుర్చీలో కూర్చుని జీతం తీసుకునేవాళ్లకు చెప్పినా అర్థం కాదు. బాన్సువాడ బస్టాండు దగ్గరి బట్టల కొట్లో సుజాత పొద్దంతా చీరలు విప్పుతుంది, మడుస్తుంది, మళ్లీ విప్పుతుంది. వారమంతా ఆమె కోరుకునేది ఒక్కటే, ఆదివారం నాలుగు ముద్దలు తిని నడుం వాల్చడం. ఈ వారం ఆ కాస్త నిద్రా పోయేలా ఉంది.

అందుకు కారణం ఆమె మొగుడు దయానంద్. సర్కారు ఆఫీసులో గుమస్తా. మంచివాడే పాపం. ఏడాది కింద ఫోన్లో ఏవో వీడియోలు చూశాక ఆయనకు ప్రకృతి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాలు పోయాయి. గిన్నెల సబ్బు పోయి బూడిదా కొబ్బరిపీచూ వచ్చాయి, బట్టల సబ్బు పోయి కుంకుళ్లు వచ్చాయి. చివరికి మిక్సీని రుద్రూర్‌లో ఉన్న అక్కకు ఇచ్చేసి, ఆటోలో రోలు తెచ్చి వాకిట్లో దించాడు. అన్నీ ఆయనే తెచ్చాడు, కాదనలేం. కుంకుళ్లు కొట్టేది, బూడిద జల్లించేది, రోట్లో నూరేది మాత్రం సుజాత. ఫోటోలు తీసి స్టేటస్ పెట్టడం ఆయన వంతు.

ఆమెకు ఇవేవీ గిట్టవని కాదు. గిన్నెలు కడిగిన నీళ్లు పారేచోట తనే ఒక గుమ్మడి విత్తు నాటింది. సబ్బు లేని నీళ్లు తాగి ఆ తీగ గోడంతా అల్లుకుంది. పొద్దున్నే దాని పసుపు పూలు చూశాకే ఆమె చెప్పులేసుకుని కొట్టుకు పోతుంది. ఒళ్లే సహకరించడం లేదు.

శనివారం రాత్రి ఆమె ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా దయానంద్ చల్లగా చెప్పాడు.

"రేపు మా ఆఫీసోళ్లు భోజనానికొస్తున్నరు. మన ఇల్లు చూస్తరట. జొన్నరొట్టె, రోట్ల నూరిన తొక్కు, మోదుగాకు ఇస్తర్లు. అంతే, పెద్ద పనేం గాదు."

సుజాత చెప్పులు మూలకు నెట్టి లోపలికి పోయింది. పోట్లాడడానికైనా ఓపిక ఉండాలి కదా.

తెల్లారి ఆమె తొక్కు పచ్చడి నూరడానికి రోటి ముందు కూర్చుంది. దయానంద్ తల్లి సాయవ్వ గడప మీద కూర్చుని చూస్తోంది. కళ్లు చూపించుకుందామని మహమ్మద్ నగర్ నుంచి వచ్చిందామె. దయానంద్ ఫోను పట్టుకుని వీడియో మొదలుపెట్టాడు. సుజాత చేతుల మీంచి ఫోను తల్లి వైపు తిప్పాడు.

"అవ్వా, గిటు చూడు. మీ కాలంల అంతా గిట్లనే ఉండె గదా, ఎంత మంచిగుండె! జర చెప్పు."

"ఏం మంచిగుండె బిడ్డా?" అంది సాయవ్వ. "పొద్దంతా నాట్లేసొచ్చి గీ రోటి ముందట కూసుంటే రెక్కలు ఇరుగుతుండె. మీ నాయిన మిక్సీ తెచ్చిననాడు దానికి బొట్టు పెట్టి దండం పెట్టిన. రోలు తీస్కపోయి ఇంటెనుక పడేసిన."

దయానంద్ ఫోను దించాడు.

"గట్ల గాదవ్వా. భూమిని మనమే కాపాడుకోవాలె."

"కాపాడు, ఎవలొద్దన్నరు? నీకు రెండు చేతులున్నయి గదా!"

సుజాతకు నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. పచ్చడి బండ రోట్లోనే వదిలేసి లేచి నిలబడింది.

"ఇగ నాతోని గాదు. నేను పండుకుంట."

"ఇప్పుడా? ఒంటిగంటకల్లా వస్తరే వాళ్లు!"

"రానీ. పల్లీలు, మిర్చి ఏంచి పెట్టిన. నూరుడే ఉన్నది."

"మరి రొట్టెలు? నాకు రావు గదా!"

"అన్నం వండు."

కోపంగా కూడా అనలేదామె. లోపలికి పోయి చాప మీద వాలింది. వెనకాలే సాయవ్వ వచ్చి, "సప్పుడైతది బిడ్డా," అంటూ తలుపు దగ్గరగా వేసింది. కాసేపటికి రోట్లో బండ చప్పుడు మొదలైంది. రెండు దెబ్బలు పడతాయి, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. వింటూనే సుజాత నిద్రలోకి జారింది. వచ్చినవాళ్ల మాటలు, నవ్వులు ఎక్కడో దూరంగా వినిపించాయి.

లేచేసరికి పొద్దు వాలింది. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. తిన్న విస్తళ్లు గుమ్మడి తీగ పక్క గుంతలో పడి ఉన్నాయి. దయానంద్ రెండు చేతులూ బకెట్ నీళ్లలో ముంచుకుని కూర్చున్నాడు.

"తొక్కు మంచిగుందన్నరు," అన్నాడు. "చేతులు మండుతున్నయే సుజాతా. ఫోటో గూడ తియ్యలే."

"నాకు రోజూ మండుతయి."

దయానంద్ నీళ్లలోంచి చేతులు తీసి చూసుకున్నాడు. ఏడాదిలో ఒక్కసారైనా అడగలేదని అప్పుడు తట్టింది కాబోలు.

సాయవ్వ తీసి ఉంచిన అన్నం కంచంలో పెట్టి కోడలి చేతికిచ్చింది. అప్పుడు చూసింది సుజాత, తీగ దగ్గర అంట్ల గిన్నెల కుప్ప, పక్కనే బూడిద డబ్బా. అలవాటు కొద్దీ కాళ్లు అటు రెండడుగులు వేశాయి. ఆగి, వెనక్కొచ్చి, మెట్టు మీద కూర్చుని అన్నం కలుపుకుంది. పచ్చడిలో పల్లీలు సగం నలగనే లేదు.

"రేపు పోయి మిక్సీ తెస్త," అన్నాడు దయానంద్.

"తే. మరి గవి?"

ఆయన గిన్నెల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. తల్లి గోడ వైపు చూస్తోంది. చివరికి లేచి, కొబ్బరిపీచు తీసుకుని, గిన్నెల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బూడిద ఎంతెయ్యాలె?"

"నువ్వే చూసుకో."

మొదటి గిన్నె కడిగిన నీళ్లు మెల్లగా పారి తీగ మొదట్లోకి ఇంకాయి. గిన్నెకు జిడ్డు ఇంకా వదల్లేదని మెట్టు మీదికే తెలుస్తోంది. సుజాత ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది. లేవలేదు.