సులేమా అంకె

"సులేమా ఉండగా ఇలా ఉండేది కాదు" అనే మాట మా ఆఫీసులో రోజూ వినిపించేది. అనేది ఎక్కువగా నేనే. విషా క్రెస్పో పేటలో ఒక బట్టల దుకాణం మేడమీద మా ఆఫీసు. మేం తయారుచేసేది వర్చువల్ మెషిన్. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా ఉండి, జనం రాసుకున్న ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్ అది. అందులో ఎవరు ఏ మార్పు చేసినా, మునుపటికంటే నెమ్మదించలేదని తేలాకే బయటికి వదలాలి.

ఆ పరీక్ష పెట్టింది సులేమా. మూల గదిలో ఒక కంప్యూటర్ను దానికోసమే ఉంచి, ఒకే పనిని పదేపదే చేయించి, పట్టిన సమయాన్ని ప్రమాణంగా రాసిపెట్టింది. తర్వాత రిటైరై తాందీల్ అనే ఊరికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి మా కొత్త వెర్షన్ ఏదీ ఆ అంకెను అందుకోలేదు. కొద్ది తేడాయే కదా అని సర్దుకుపోయేవాళ్ళం, మన చేతిలో ఆ పనితనం లేదని లోపల కుములుతూ.

మాకు చలికాలమైన ఆ జులైలో మాత్రం మా మేనేజర్ లిసాండ్రో పట్టుబట్టాడు. ప్రోగ్రాములు వాడుకుని వదిలేసిన మెమరీని ఊడ్చే భాగాన్ని ఒకప్పుడు సులేమాయే రాసింది. మా ఆఫీసు కుర్రాడు ఫాబ్రిసియో ఏడాదిపాటు కూర్చుని దాన్ని కొత్తగా రాశాడు. శుక్రవారానికల్లా సులేమా అంకెను అందుకోకపోతే అదంతా పక్కన పెట్టేస్తానన్నాడు లిసాండ్రో.

ఫాబ్రిసియో మొహం పీక్కుపోయింది. మాతె తేనీరు తాగి, ఆ సొరబుర్ర నా చేతికిస్తూ అన్నాడు. "ఆవిడ రాసిన పాతదాన్ని కూడా ఇప్పుడోసారి కొలుద్దాం, మిర్తా."

"సులేమా కొలిచినదాన్ని నువ్వు మళ్ళీ కొలుస్తావా? పోయి నీ తప్పులు వెతుక్కో."

"ఎంత వెతికినా లేవు. అయినా ఆవిడేమన్నా లూహాన్ మేరీమాతా, ఒకసారి చెబితే ఇక తిరుగులేకపోవడానికి?"

నాకు ఒళ్ళు మండింది. వాడి నోరు మూయించడానికే సరేనన్నాను. తీరా కొలిస్తే, ఎవరూ చెయ్యిపెట్టని ఆ పాత వెర్షనే సులేమా అంకెకు ఇవతలే ఆగిపోయింది. ఫాబ్రిసియోదానికంటే కూడా వెనకబడింది. లిసాండ్రో నమ్మలేదు. కారణం చెబితేనే ఒప్పుకుంటానన్నాడు.

గురువారం మూల గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. తలుపులన్నీ బిగించి, గ్యాస్ హీటర్ పెట్టుకుని, వెచ్చగా. ఉన్నట్టుండి సులేమా కళ్ళముందు కదిలింది. కోటు తొడుక్కుని, ఆ కంప్యూటర్ పక్కనే కిటికీ బార్లా తెరిచి, పరీక్ష నడిచినంతసేపూ వీధిలోకి పొగ వదులుతూ ఉండేది. వేడెక్కితే కంప్యూటర్ తన వేగం తనే తగ్గించుకుంటుందని మా అందరికీ తెలుసు. ఆవిడ సిగరెట్టు మా పరీక్షలో భాగమని మాత్రం ఎవరికీ తట్టలేదు.

లేచి కిటికీ తీశాను. గది చల్లబడ్డాక పాతదాన్ని మళ్ళీ నడిపితే సులేమా అంకె వచ్చి కూర్చుంది. మా కొత్తవన్నీ మూసిన గదిలో కొలిచినవే. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే గాలిలో కొలవాలి కాబట్టి ఇక ఆ అంకెను తీసెయ్యాలి. నాకు చెయ్యి రాలేదు. తాందీల్‌కు ఫోన్ చేశాను.

అంతా విని దగ్గొచ్చేదాకా నవ్వింది. "అయితే నా గొప్పంతా చలిగాలిదేనా?"

"తీసెయ్యనా?"

"ఒసేయ్, మీరు ముందుకెళ్తున్నారో లేదో చూసుకోమని పెట్టాను దాన్ని. ఇన్నాళ్ళూ నాకంటే తక్కువవాళ్ళమనుకుంటూ కూర్చున్నారా?"

"అవును" అన్నాను. ఏడుపొచ్చింది.

"పిచ్చిపిల్లా. తీసెయ్యి. నేను లైన్లోనే ఉంటా."

తీసేశాను. ఆ చోట, మూసిన గదిలో పాత వెర్షన్‌కు వచ్చిన కొలత పెట్టాను.

"ఇప్పుడు చెప్పు, ఆ కుర్రాడిది నాదానికంటే ఎంత ముందుంది?"

చెప్పాను.

"నాకంటే బాగా రాశాడే" అంది మెల్లగా. ఆ గొంతులో సంతోషముంది. ఉన్నది సంతోషమొక్కటే కాదు.