ఇస్త్రీ గదిలో గొంతులు

అనగనగా అన్నాక ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి. కొట్టేవాళ్లు ఆగితే కథా ఆగిపోతుంది. కనుక వింటున్నామని తెలుపుతూ ఉండండి. అనగనగా ఒక లాండ్రీ. దాన్ని నడిపేది ఒక అక్క, ఆమె తమ్ముడు, వాళ్ల మేనమామ.

తెల్లవారగానే మేనమామ వెనక గదిలో పెద్ద తొట్టి కింద మంట వేసి ఆసుపత్రి దుప్పట్లు ఉడకబెట్టేవాడు. అక్కాతమ్ముళ్లు ముందు గదిలో ఎదురెదురు బల్లల దగ్గర నిలబడి, బట్టల మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసేవారు. వేడి తగలగానే బట్టలు మాట్లాడేవి. తొడుక్కున్న మనిషి పైకి అనలేక మింగేసిన మాటలు నూలులో ఇంకిపోయి, ఆవిరితో బయటికి వచ్చేవి. గుమాస్తా చొక్కా పై అధికారిని తిట్టేది. నర్సు కోటు కాళ్లు లాగుతున్నాయని మూలిగేది. ఆ గొంతు ఎంత సన్నగా ఉండేదంటే, మీదికి వంగి ఇస్త్రీ చేసేవాళ్లకు తప్ప వినబడేది కాదు. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. అందుకే వాళ్ల అమ్మ పోతూ పోతూ ఒక నియమం పెట్టి వెళ్లింది. బట్టల దగ్గర విన్నది ఎవరికీ చెప్పకూడదు, ఎదుటి బల్ల దగ్గర ఉన్నవాళ్లకైనా సరే.

ఆ నియమమే కొంప ముంచింది.

తమ్ముడికి అప్పుడు ఇరవై రెండో ఏడు. తిండి తగ్గించాడు, స్నేహితుల్ని మానేశాడు, ఒంటి మీది చొక్కా మూడు వారాలుగా విప్పలేదు. పని చేస్తూ చేస్తూ పెదవులు కదిపేవాడు. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి చూసేవాడు. ఏమిట్రా అని అక్క అడిగితే, బట్టలు, అని ఊరుకునేవాడు. ఆ ఇంట్లో ఆ జవాబుకు ఎదురుప్రశ్న లేదు.

మేనమామ పైగా వేళాకోళం ఆడేవాడు. "చొక్కాల మాటే ఇంత శ్రద్ధగా వింటున్నాడు, రేపు పెళ్లాం మాట జవదాటడు."

అక్క కూడా నవ్వింది. తర్వాత చాలా ఏళ్లు ఆ నవ్వు ఆమె గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఒక సోమవారం ఉదయం దర్జీ కొత్త తెరలు పంపాడు. ఎవరూ కట్టని, ఎవరి చెమటా తగలని గుడ్డ. వెడల్పు ఎక్కువ కావడంతో ఇద్దరూ ఒకే బల్ల మీదికి వంగారు. ఆవిరి లేచింది, అంతే. గుడ్డ మూగగా ఉంది.

తమ్ముడు తల ఊపి, "సరే, ఎవరికీ చెప్పను," అన్నాడు.

అక్క చేయి ఆగిపోయింది. "ఎవరితోరా?"

"నీకు వినబడలేదూ? నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాయి కదా."

పన్నెండేళ్లలో ఆమె విన్న ఏ బట్టా ఇస్త్రీ చేసేవాళ్లను పలకరించలేదు. వాటి గోడు వాటిదే. పైకి ఏమీ అనకుండా, చెంబులో నీళ్లు చేయి జారినట్టు అతని మీద ఒలికించింది. అతను తడిసిన చొక్కా విప్పి ఇచ్చి, పొడి బట్ట కోసం వెనక గదిలోకి వెళ్లాడు.

ఆమె ఆ చొక్కాను బల్ల మీద పరిచి ఇస్త్రీపెట్టె ఆన్చింది. మూడు వారాల మాటలు ఒక్కసారిగా లేచాయి. అన్నీ తమ్ముడి గొంతుతోనే.

"అక్కా, వీళ్లు ఊపిరి ఆడనివ్వడం లేదు. తొట్టిలో దూకమంటున్నారు. సోమవారం దూకమంటున్నారు. నాకు దూకాలని లేదక్కా. నన్ను పట్టుకో."

ఇస్త్రీపెట్టెను పక్కనున్న తెరల మీద వదిలేసి పరుగెత్తింది. మేనమామ కట్టెల కోసం పెరట్లోకి వెళ్లి ఉన్నాడు. తొట్టి సలసల కాగుతోంది. తమ్ముడు దాని అంచున పీట మీద నిలబడి, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తల పక్కకు వంచి ఉన్నాడు.

ఎవరూ లేరు, అంతా నీ భ్రమ, అనబోయి ఆగింది. అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వాళ్ల గొంతు నాకు వినబడడం లేదు నాన్నా. నీ గొంతు వినబడింది. దూకాలని లేదన్నావు."

అతను ఆమె వైపు తిరిగాడు. "నేను నీకు చెప్పలేదే."

"చెప్పావు."

అతను పీట దిగాడు.

కొత్త తెరల మీంచి ఇస్త్రీపెట్టె తీసేసి, మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంటుండగా ముగ్గురూ ఆసుపత్రికి బయలుదేరారు. డాక్టరమ్మ ఓపికగా విని, ఇది స్కిజోఫ్రెనియా అనే జబ్బని, దయ్యమూ కాదు, పెంపకంలో లోపమూ కాదని చెప్పింది. ఆ గొంతులను అతని మెదడే పుట్టిస్తోందట. వినేవాడికి మాత్రం అవి పక్కనున్న మనిషి గొంతంత నిజమట. లేవని వాదించవద్దు, ఉన్నాయని వంత పాడవద్దు, అతని భయాన్ని మాత్రం నమ్మండి, అంది. ఇంకా ముందే తీసుకురావలసిందని ఆమె అన్నప్పుడు మేనమామ తల ఎత్తలేదు.

మందులతో గొంతులు ఒక్కొక్కటిగా తగ్గాయి. ఒకటి మాత్రం పోలేదు. రెండుసార్లు అతను మందు మానేశాడు. రెండుసార్లూ అది మిగతా గొంతులను వెంటబెట్టుకుని తిరిగి వచ్చింది. అందుకని అక్క అమ్మ పెట్టిన నియమాన్ని ఎత్తివేసి, రెండు బల్లలనూ ఒకటిగా జరిపింది. ఇది నీకూ వినబడిందా అక్కా, అని అతను అడిగేవాడు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పేది. ఒక్కోసారి ఏమీ అడగకుండానే అతని చేయి గుడ్డ మీద నిలిచిపోయేది. అప్పుడు ఆమె కూడా తన ఇస్త్రీపెట్టెను పైకెత్తి పట్టుకుని, ఆ ప్రశ్న వచ్చేదాకా నిలబడేది.

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పినవాడు మా అమ్మమ్మ తమ్ముడు.