తూర్పు గది కప్పు

ఆ పొద్దుటికి టీ గ్లాసులు కడగడం బేబికి అది మూడోసారి. ముందు గదిలో మీటింగు. మాటలు మగవాళ్లవి, గ్లాసులు ఆమెవి.

జగ్గయ్యపేటలో ఆ మిషను బంగళా కట్టి నూరేళ్లు దాటింది. ఇప్పుడందులో ఐదు కుటుంబాలు, చీరలు అడ్డం కట్టుకుని కాపురాలు చేస్తున్నాయి. బేబి కోడలు కృపాజ్యోతి చంటిదాన్నేసుకుని వరండాలోనే పడుకుంటోంది. బంగళా పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టాలంటారు సంఘపెద్ద థామస్ గారు. పాత కట్టడం, ముట్టుకోవద్దంటారు ఊళ్లో పెద్దమనుషులు. ఏది చేయాలో తేల్చడానికి నందిగామ నుంచి యామిని అనే ఇంజనీరమ్మాయి వచ్చింది.

కప్పు ఎంతలా కారుతోందో థామస్ గారు ఆ అమ్మాయికి గది గదీ తిప్పి చూపిస్తున్నారు. టీ పళ్లెంతో బేబి వాళ్ల వెనకే నడిచింది. కారక ఏమవుతుంది? ఆరేళ్ల కిందట సున్నపు కప్పు మీద సిమెంటు పోయించింది ఆయనే కదా. వద్దండీ, లోపలి చెమ్మ బయటికి పోదండీ అని బేబి మొత్తుకుంది. "సున్నాలేసుకునేదానివి, నీకెందుకే మగాళ్ల మాటలు" అన్నాడు భర్త స్తెఫను, నలుగురి ముందూ. ఆ నలుగురూ నవ్వారు. ఆ నవ్వు మాత్రం బేబికి ఆరేళ్లయినా ఆరలేదు. తూర్పు గది దాకా వచ్చేసరికి సిమెంటు అయిపోయింది. ఆ కప్పు అలాగే మిగిలింది. కరక్కాయలు నానబెట్టి, ఆ నీళ్లలో బెల్లం కలిపి, సున్నం నూరి, ఒకప్పుడు మరమ్మతుకి అత్త పక్కన కూర్చుని బేబి చెక్కతో పదిహేను రోజులు కొట్టిన కప్పు అది. నడుం ఈనాటికీ లాగుతూనే ఉంటుంది.

"ఈ గదిలో చుక్క కూడా కారట్లేదే. ఎవరు చేశారండీ?" అంది యామిని, తూర్పు గదిలో తలెత్తి చూస్తూ.

"మావాళ్లేనండి" అన్నాడు స్తెఫను.

బంగళా ఉంచితే తన చేతులతోనే బాగు చేయించుకుంటారు, కోడలు వరండాలోనే ఉంటుంది. పడగొడితే ఫ్లాటు కాగితం మీద స్తెఫను పేరే ఉంటుంది. ఎటు చూసినా బేబికి తను కనబడలేదు.

"నేను చేశానమ్మా. మా అత్తా, నేనూ."

"టీ ఇచ్చి లోపలికెళ్లవే" అన్నాడు స్తెఫను.

యామిని అతని వంక చూడలేదు. "సిమెంటు తీయిస్తే మిగతా కప్పు కూడా చేస్తారా అండీ?"

బేబి కిటికీలోంచి వెనక దొడ్డి చూసింది. ఏటా మూడు రోజుల ప్రార్థన కూటాలకు పందిరి వేస్తారని, ఏడాదంతా ఖాళీగా ఉంచిన అరెకరం. గ్లాసుల పళ్లెం స్తెఫను చేతిలో పెట్టింది.

"చేస్తానమ్మా. ముందు ఆ దొడ్లో ఐదిళ్లు కట్టమనండి, కాగితాల మీద ఆడవాళ్ల పేర్లు రాయమనండి. ఆ రోజు సున్నం నానేస్తా. అప్పటిదాకా కారనివ్వండి."