సమాధితోట తలుపు

చైత్రభానుడు గోదావరీజలములపై వెండిరేకులు పరచి యలసి పడమటికొరగుచుండ వేపపూవుల చేదుపరిమళమును మోయు పిల్లతెమ్మెర క్రైస్తవపేట పెంకుటిండ్ల నడుమ పనిలేని యల్లునివలె తిరుగుచుండెను. మరునాడు పునరుత్థానపండుగ. ఆ వేకువను సమాధితోటలో క్రొవ్వొత్తుల వెలుగున నారాధించుట యా సంఘమువారికి తరతరముల యాచారము. కాని తోట తాళపుచెవి పోయి, తాళము కోయ పిలిచిన కమ్మరియు రానందున నీయేడు వీధిలోనే యారాధనయని సంఘపెద్ద జ్ఞానప్రకాశముగారు ప్రకటించియుండిరి.

ఆయన మరదలు దయామణి కళాశాలలో తర్కశాస్త్రము నభ్యసించి యది యంతయు పోపులపెట్టెచెంత వినియోగించుచున్న గృహిణీరత్నము. ఆమెకు తాళముకంటె కూతురే పెద్దచింత. విశాఖపట్టణమున తత్త్వశాస్త్రము చదువుచు సెలవులకు వచ్చిన లూదియ పండుగనాడు హార్మోనియము వాయింపనని ప్రొద్దుటనే తేల్చిచెప్పెను.

"నమ్మని పాటకు శ్రుతి వేయుట యబద్ధమమ్మా! ప్రభువు లేచి సమాధి ఖాళీయయ్యెనను కథ శిష్యులు పిదప నల్లినదని మా తరగతిలో నందరు నందురు."

అబద్ధమాడనొల్లని బిడ్డ తన పెంపకమే గదా యని మురిసియు గుండెలో ముల్లు గ్రుచ్చుకొనగా దయామణి సున్నపుబకెట్టు చేబూని తోడికోడలు దీనమ్మతో తోటగోడకు వెల్లవేయ నేగెను. పోయినంతసేపు పట్టలేదు, ఇరువురును రొప్పుచు మరలివచ్చిరి.

"బావగారూ! తోట తలుపు తెరచియున్నది!"

అరుగుపై కాఫీ సేవించుచున్న జ్ఞానప్రకాశముగారు పకపక నవ్విరి. "ఎండదెబ్బ తగిలినట్లున్నది! ఆడువారి వెర్రిమాటలకు పరుగిడ నేను పసివాడనా?"

"కట్టుకొన్నదాని మాటయు నమ్మరా?" యని దీనమ్మ మూతి ముడిచెను.

నమ్మనని పలికిన యా పెద్దమనుష్యుడే మరుక్షణమున చెప్పులైన తొడుగక పరుగిడి తెరచిన తలుపుచెంత నోరుదెరచి నిలిచెను. కమ్మరి తాళమును కోసి యెవరికిని చెప్పక భోజనమునకు బోయియుండెను.

ఇదియెల్ల కిటికీనుండి చూచి విరగబడి నవ్వుచున్న లూదియను దయామణి మెల్లగా నడిగెను. "అమ్మాయీ! నేనొక యబద్ధమల్లి యీ యూరిని నమ్మింపదలచినచో మీ పెద్దమ్మను సాక్షిగా నిలుపుదునా?"

"ఏల నిలుపుదువు? పెదనాన్నయే నమ్మడు! ఇన్‌స్పెక్టరుగారు చూచిరందువు."

"ప్రభువు కాలమున న్యాయసభలో స్త్రీసాక్ష్యమునకు విలువ మరియు తక్కువ. మనము వండినదానికి తాము మెప్పు పొందు మగవారే కథ యల్లినచో, సువార్తలో ఖాళీసమాధిని మొదట చూచిన కీర్తి స్త్రీల కేల కట్టబెట్టుదురు?"

లూదియ నవ్వు నిలిచెను. "ఇది నిరూపణము కాదమ్మా!"

"కాదు. వారు చూచినది చూచినట్లు చెప్పిరనుటకు హేతువు. తలుపు తెరచుటయే నా చేతనగును, నడచుట నీ వంతు."

"నడువలేకున్న?"

"వాకిట నిలిచి యడుగుము. అడుగువారిని తరిమిన ప్రభువును నేనెరుగను."

వేకువను లూదియ హార్మోనియముతో వచ్చి తోటవాకిటనే కూర్చుండెను. వాయింతునని మాట యీయలేదు, తల్లి యడుగనులేదు. "ప్రభువు లేచెను" అను తొలిపలుకు తరతరములుగా సంఘపెద్దది. జ్ఞానప్రకాశముగారు గొంతు సవరించుకొని యేమి తలచిరో భార్యవంక తిరిగి "దీనమ్మా! ముందు నీవు చెప్పుము" అనిరి. ఆ యిల్లాలు మొదలిడెను. కంఠము తడబడెను. అంతట వాకిటనుండి సన్నని శ్రుతి యొకటి లేచి యామె పలుకును చేయిపట్టి నడిపించెను.

"ఈ సాక్షిని నమ్ముదును. తక్కినది విచారింతును" అని లూదియ తల్లిచెవిలో పలికెను. దయామణి కన్నులు తుడుచుకొనుచు నవ్వెను. సత్యమునకు సాక్షులు వలయునే కాని సాక్షులకు మీసములు వలయునని యే తర్కశాస్త్రమునను లేదు.