అట్ట ముక్క

శ్రీపతికి ఒక గొప్ప ఉంది. చిక్కడపల్లిలో నీళ్ల ట్యాంకర్లు తిప్పే ఓనర్లందరినీ డ్రైవర్లు సేట్ అనే పిలుస్తారు. శ్రీపతిని మాత్రం అతని డ్రైవర్ ఈదయ్య అన్నా అంటాడు. పనిలో చేరిన రోజే శ్రీపతి "సేటూ గీటూ వద్దు, అన్న అను" అన్నాడు. ఆ సంగతి కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు కూడా. మంచితనం ఉండడం ఒక ఎత్తు, దాన్ని నలుగురికీ వినిపించడం ఇంకో ఎత్తు. శ్రీపతికి రెండోది బాగా వచ్చు.

ఆ ఎండాకాలం అతని ట్యాంకర్ లారీ మొరాయించింది. ముసలి ఇంజన్. పొద్దున్నే సెల్ఫ్ కొడితే దగ్గేది, పొగ కక్కేది, కాస్త ఎత్తు ఎక్కాలంటే ఆగిపోయేది. డీజిల్‌ను ఒత్తిడితో ఒక్కో సిలిండర్‌కూ కొలిచి పంపే పంపు అరిగిపోయింది. నారాయణగూడలో ఇలాంటి పంపులు బాగుచేసే షాపులో దాని బదులు మరొకటి దొరికింది. శ్రీపతి పని తెలియని ఓనరేం కాదు. కుర్రతనంలో కృష్ణయ్య గారనే మెకానిక్ దగ్గర చేతులు నల్లగా చేసుకున్నవాడే. అందుకే పంపు తనే మారుస్తానన్నాడు.

తొందర కూడా ఉంది. అశోక్ నగర్‌లో నాగశ్రీ గారి హాస్టల్ నిండా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు. మర్నాడే వాళ్లకు పరీక్ష. హాస్టల్ సంపు అడుగంటింది. "ఇయ్యాల నీళ్లు రాకుంటే రేపటి నుంచి వేరే ట్యాంకర్ పెట్టుకుంట శ్రీపతి గారూ" అని ఆమె ఫోన్‌లో మర్యాదగానే చెప్పింది. ఆ హాస్టల్ పోతే లారీకి సగం పని పోయినట్టే.

పొద్దున్నే ఇద్దరూ మొదలుపెట్టారు. పాత పంపు విప్పారు. ఇంజన్ మీది గుర్తూ కొత్త పంపు మీది గుర్తూ ఎదురెదురుగా వచ్చేదాకా తిప్పి బోల్టులు బిగించారు. పంపు నుంచి ఇంజన్‌కు పోయే సన్నని ఇనప పైపులు మాత్రం పాతవే. వాటిలో ఒకటి పక్కదానికి రాసుకుని అరిగి ఉంది. శ్రీపతి చూశాడు. "నడుస్తది తియ్" అన్నాడు. డీజిల్‌ను లైన్లోకి తోసే ప్రైమర్‌ను ఈదయ్య చేత్తో కొడుతుంటే శ్రీపతి నట్లు వదులుచేసి లైన్లో గాలి తీశాడు. బుడగలు ఆగిపోయాక సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ అందుకుంది కానీ ఒక సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదు.

"ఎక్కడనో లీక్ ఉంది. చెయ్యి పెట్టి చూడు ఈదయ్యా!" అని శ్రీపతి క్యాబిన్‌లోంచి కేకేశాడు. కాలు యాక్సిలేటర్ మీద ఉంది. చేతిలో ఫోన్ మోగుతోంది. మళ్లీ నాగశ్రీ గారే.

మాట నోరు దాటాక గుర్తొచ్చింది. కృష్ణయ్య గారు ఇంజన్ తిరుగుతుండగా పైపుల దగ్గర ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. ఒక అట్ట ముక్క చింపి పైపు వెంట జరిపేవారు. అట్ట ఎక్కడ తడిస్తే అక్కడ లీకు. ఆయన చేతికి చూపుడు వేలు లేదు. కంటికి కనిపించని డీజిల్ ధార సూదిలా చర్మంలోకి దూరుతుందని, దూరినప్పుడు నొప్పే ఉండదని, వెంటనే దవాఖానకు పోకపోతే లోపల కండ చచ్చిపోతుందని ఆయన చెప్పని రోజు లేదు.

వద్దు అని అరిచేలోపే ఈదయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "దొరికిందన్నా! గీ అరిగిన పైపే!" అంటూ వచ్చి ఎడమచేతి చూపుడు వేలు చూపించాడు. వేలి కొన మీద గసగసాల గింజంత చుక్క. నెత్తురు కూడా లేదు.

శ్రీపతి ఇంజన్ ఆపి కిందికి దిగాడు. "నొప్పుందా?" అని అడిగాడు.

"గిదేం నొప్పన్నా, చీమ కుట్టినట్టుంది. మా మాసమ్మ గిల్లితే గింతకన్న ఎక్కువ మండుతది" అని ఈదయ్య నవ్వాడు.

శ్రీపతికి కావలసింది ఆ జవాబే. నొప్పి లేదన్నాడు కదా, లోపలికి పోయి ఉండదులే అనుకున్నాడు. నొప్పి లేకపోవడమే దాని లక్షణమని తెలిసి కూడా అనుకున్నాడు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు, నిద్ర నటించేవాణ్ణి ఎవరు లేపుతారు?

కొత్త పైపు కోసం నారాయణగూడ పోవడానికి మాత్రం తీరిక దొరికింది. ఆ దారిలోనే దవాఖాన ఉంది. శ్రీపతి స్కూటర్ దాని ముందు నుంచే పోయింది, దాని ముందు నుంచే వచ్చింది. పైపు బిగించాక ఇంజన్ చక్కగా తిరిగింది. ఈదయ్య బర్కత్‌పురలో బోరు దగ్గర ట్యాంకర్ నింపుకుని హాస్టల్‌కు పోయాడు. నాగశ్రీ గారు ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పింది.

సాయంత్రం లారీ తిరిగొచ్చేసరికి ఈదయ్య ఒంటి చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడు. రెండో చేతి వేలు వంకాయలా ఉబ్బింది. "అన్నా, బాగ గుంజుతున్నది" అన్నాడు. ముఖమంతా చెమట. అప్పుడు శ్రీపతి ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

"ఎప్పుడు జరిగింది?" అని దవాఖానలో డాక్టరమ్మ అడిగింది.

ఆమె అడిగింది వైద్యం కోసమే. అయినా గుమ్మడికాయల దొంగలా శ్రీపతి భుజాలు తడుముకున్నాడు. "మధ్యాహ్నం" అన్నాడు.

ఈదయ్య ఒకసారి అతని ముఖం చూశాడు. అన్న ఏదో మంచికే అని ఉంటాడనుకున్నాడు. "అవ్ మేడం, మద్యాన్నమే" అన్నాడు.

"మధ్యాహ్నమైతే ఇంత చెడిపోదు. ఎంతసేపైందో సరిగ్గా తెలియాలి. చెయ్యి పోతుంది, నిజం చెప్పండి."

"పొద్దున" అన్నాడు శ్రీపతి.

"మరి ఇంతసేపు ఏం చేశారు?"

శ్రీపతి నోరు తెరిచేలోపు ఈదయ్యే అందుకున్నాడు. "నేనే రాలే మేడం. చీమ కుట్టినట్టుంటె దవాఖానెందుకని." తప్పించుకునే దారి అతనే చూపించాడు. శ్రీపతి మారుమాట్లాడకుండా ఆ దారిన పోయాడు.

అరచెయ్యి కోసి కడిగారు. చెయ్యి దక్కింది, వేలు పోయింది. కూలి పని మీదినుంచి కాళ్లకు సిమెంటుతోనే పరిగెత్తుకొచ్చిన మాసమ్మ భర్తను చూసి ఏడ్చి, శ్రీపతికి రెండు చేతులూ జోడించింది. "నువ్వు తీస్కరావట్టి చెయ్యన్న మిగిలిందన్నా" అంది.

దవాఖాన ఖర్చు శ్రీపతే పెట్టుకున్నాడు. జీతం ఆపలేదు. ఈదయ్యకు సాయంగా అతని బామ్మర్ది నగేష్‌ను కూడా పనిలో పెట్టుకున్నాడు. ఓనరంటే ఇట్లుండాలె అని బస్తీలో అందరూ అన్నారు. ఇదివరకైతే ఆ మాట తనే పదిమందికి చేరవేసేవాడు. ఇప్పుడు ఎవరైనా మొదలుపెడితే టీ సగంలో వదిలేసి లేచిపోతున్నాడు. అతనికి సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు ఎవరికీ కనిపించకపోవడం ఇంకా సిగ్గుగా ఉంది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున లారీలో మళ్లీ డీజిల్ లీకైంది. ఇంజన్ తిరుగుతుండగానే నగేష్ పైపుల మధ్యకు చెయ్యి పోనిచ్చాడు. ఈదయ్య గబుక్కున అతని మణికట్టు పట్టుకుని లాగాడు. నీళ్ల సీసాల డబ్బా చించి ఒక అట్ట ముక్క అతని చేతిలో పెట్టాడు.

"ఏలు పెట్టకురా, గిది పెట్టు. డాక్టరమ్మ జెప్పింది. గీ ముచ్చట మా అన్నకు గూడ ఎర్క లేకుండె. ఎర్కుంటె నా ఏలు పోనిస్తుండెనా?" అని శ్రీపతి వైపు చూసి నవ్వాడు.

శ్రీపతి ఆ నవ్వును భరించలేకపోయాడు.

"నాకు ఎర్కనే ఈదయ్యా" అన్నాడు.

"ఏందన్నా?"

"నీ ఏలు మీద చుక్క చూసినప్పుడే ఎర్క. నాకు పని నేర్పిన కృష్ణయ్య గారి ఏలు గట్లనే పోయింది. నీళ్ల ట్రిప్పు ఆగిపోతదని చెప్పలే."

నగేష్ ఇంజన్ ఆపేశాడు. ఈదయ్య వేలు లేని చోటును రెండో చేత్తో రుద్దుకున్నాడు. తర్వాత నగేష్‌కు ఏ నట్టు బిగించాలో చూపించి, అది బిగించేదాకా పక్కనే నిలబడి, క్యాబిన్ ఎక్కాడు.

"హాస్టల్‌కు టైమైతుంది" అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "జర పక్కకు జరుగుండ్రి, సేటూ."