పట్టు ఉడికిన నీళ్ళు

ధర్మవరానికి ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. వీధి కొళాయికి వారానికోసారి నీళ్ళొస్తే పెళ్ళంత సందడి, పెళ్ళిలో జరిగినన్ని కొట్లాటలు. అంత కరువులోనూ నాగలక్ష్మమ్మ పెరట్లో సుగంధరాజ పూల మడి ఒక్కరోజూ తడి ఆరలేదు. పువ్వు మాత్రం ఒక్కటీ పూయలేదు.

ఆ పూల గడ్డలు నాటింది ఆమె కూతురు సుబ్బలక్ష్మి. ఊరి బయట పూలతోట ముత్యాలప్పను బతిమాలి ఒడినిండా తెచ్చుకుంది. పూసినరోజు జడనిండా పెట్టుకుంటానంది. అవి మొలకెత్తుతుండగానే పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అలాంటప్పుడు నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఆ వీధిలో అందరూ నమ్మేవాళ్ళు, ఆ నమ్మకం తగలెయ్య.

"ఎంత అడిగినా సరే, చుక్క నీళ్ళు కూడా పోయద్దు" అని నాగలక్ష్మమ్మకు అత్త గట్టిగా చెప్పింది. పిల్ల నీళ్ళు నీళ్ళంటూనే మర్నాటికి పోయింది. ఒంట్లో నీరు లేకే పోయిందని తర్వాత ఆస్పత్రి నర్సమ్మ చెప్పింది. ఆ మాట నాగలక్ష్మమ్మ గుండెలో దిగబడిపోయింది.

బిడ్డ నాటిన గడ్డ ఒక్క పువ్వు పూస్తే చూడాలి, ఆమెకు మిగిలిన ఆశ అదొక్కటే. తాగే నీళ్ళు మొక్కలకు పోస్తే అత్త ఊరుకోదు. మగ్గాల ఇల్లు కాబట్టి వేరే నీళ్ళు ఉండేవి. భర్త ఆదెన్న పచ్చి పట్టును సబ్బూ సోడా వేసి ఉడకబెట్టి జిగురు వదిలించేవాడు. మిగిలిన నీళ్ళను ఆమె చల్లార్చి మడికి పోసేది. ఆకులు పసుపుబారితే దాహమనుకుని ఇంకో బిందె పోసేది. పిచ్చితల్లి, ఇంకేమనుకుంటుంది.

చివరికి ఆకులు కూడా వాలిపోతే ముత్యాలప్పను పిలిపించింది. ఆయన చిటికెడు మట్టి నాలుకకు తాకించుకుని ఉమ్మేశాడు. తవ్వితే గడ్డలు చేతిలోనే చితికిపోయాయి.

"ఏం నీళ్ళు పోస్తాండావమ్మా?"

"పట్టు ఉడికిన నీళ్ళన్నా. ఒక్క పొద్దు కూడా ఎండబెట్టలేదు."

"సోడా కాల్చేసినాది. ఊరికే వదిలేసింటే భూమిలో నిద్రపోయి, వానొస్తే లేస్తాండె. నీళ్ళు లేక చచ్చే గడ్డలు కాదమ్మా ఇవి."

ముత్యాలప్ప ఇంకా తవ్వాడు. మడి అంచున ఒక్క గడ్డ గట్టిగా చేతికి తగిలింది.

"దీంట్లో పానముండాది. వేరే మట్టిలో పెట్టు. వానొచ్చేదాకా చుక్క నీళ్ళు కూడా పోయద్దు."

ఆ మాటకు ఆమె గట్టు మీద కూలబడింది. గడ్డను కొంగుతో తుడిచి, కాసేపు గుండెకు ఆనించుకుని, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టేసింది.

"నీ తోటకే తీసకపో అన్నా. ఈడుంటే నా చేత కాదు. అది అడక్కపోయినా పోస్తా."